యంత్రమునకు వృత్తి

సూత్రమునకు వృత్తి లేనిచో శిష్యుడు దారి తప్పును. కంప్యూటరు ప్రోగ్రాములను పరులచే పరిశీలింపజేయు పద్ధతిని మైకేల్ ఫేగన్ 1976లో వివరించెను. నేడు గెరిట్ వంటి సాధనములలో పరిశీలకుల యాక్షేపణలు భద్రమై యుండును. వానిని వెదకి కృత్రిమమేధకు అందించు పనిముట్టునకు నా కుమారుడు వివరణము వ్రాసెను. “ఆక్షేపణల నిచ్చును” అని మాత్రమే యందున్నది.

“నాయనా, ఏ ప్రతిమీదివి? తీరినవా, తీరనివా?” అని యడిగితిని.

గెరిట్‌లో సవరించి పంపినప్పుడెల్ల క్రొత్త ప్రతి యేర్పడును. ఆక్షేపణ తాను పుట్టిన ప్రతినే యంటియుండును. ఆ భేదము చెప్పనందున, ఎన్నడో తీరిన యాక్షేపణను నమ్మి యంత్రము సరియైన పంక్తినే చెరిపినదట! శిష్యుడు సందేహించి లేచి యడుగును. యంత్రము తరచుగ నడుగకయే చేయును. కావున నిచ్చునది, ఈయనిది, రెండును వ్రాయవలెను. ఆ రాత్రియే వాడు వివరణమును తిరుగ వ్రాసెను.