ఇంటిదొంగ – ద్వీపాంతరవాసము

నూజివీటి సీమలో వేసవి వచ్చినదనగా ఇంటింట పని రెట్టింపగును. తోటలలో రసాలు కోతకు వచ్చును. కొట్టాలలో వరిగడ్డి పరచి కాయలు మాగవేయుదురు. వసారాలలో కత్తిపీటలు వేసి ఆవకాయకు ముక్కలు కొట్టుదురు. ఆ దినములలో పనిమనిషి చేతి సాయము లేక ఏ యిల్లును నడవదు. తాళపుచెవులు గృహిణి కొంగున నున్నను, కొట్టుగది తలుపు దినమునకు పదిమారులు తెరచి మూయునది పనిమనిషియే. అట్టి వేళ ఒక వెండిగిన్నె కనబడకపోయినచో అనుమానము మొదట ఎవరిమీదికి పోవునో శ్రోతలకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. "ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడు" అను సామెత అప్పుడే నాలుకపైకి వచ్చును.

ఈశ్వరుడు పట్టలేని ఆ దొంగను పట్టి, సముద్రముల కావల విడిచివచ్చుటకు ఒకప్పుడు రాజ్యములు ఓడలను నడపినవి. ఆ శిక్షను మనవారు ద్వీపాంతరవాసమనిరి. దానికి గురియైన ఒక పనికత్తె చరిత్రమును, ఆ చరిత్రము మన యిండ్లకు చెప్పు మాటను నేడు కొంత విచారింతము.

ఇంగ్లాండు దేశమున 1713 నాటి శాసనము ప్రకారము, ఒక యింటిలో నలువది షిల్లింగుల వెలగల సొత్తు దొంగిలించిన వారికి మరణశిక్ష విధింపవచ్చును. నలువది షిల్లింగులనగా రెండు పౌనులు. ఈ కాఠిన్యమునకు జ్యూరీలోని వారే వెనుకాడిరి. కన్నులయెదుట సొత్తు ఎంత విలువైనదైనను, దాని వెల ముప్పదితొమ్మిది షిల్లింగులేయని తీర్పు చెప్పి ప్రాణము నిలిపిన సందర్భములు పెక్కు కలవు. ప్రాణము దక్కిన వారిని దేశము దాటించుచుండిరి. మొదట అమెరికా వలసలకు పంపిరి; అచ్చట స్వాతంత్ర్య యుద్ధము చెలరేగిన పిమ్మట ఆస్ట్రేలియాకు పంపిరి. మొదటి ఓడల బారు 1787 మే 13వ తేదీన బయలుదేరి 1788 జనవరిలో ఆ తీరము చేరెను. సుమారు డెబ్బది యేండ్ల వృద్ధురాలొకతె పండ్రెండు పౌనుల జున్నుగడ్డ దొంగిలించిన నేరమునకు ఏడేండ్ల శిక్షతో ఆ ఓడలలో పోయినది. 1868 నాటికి అట్లు చేరిన ఖైదీలు సుమారు 1,62,000 మంది. వారిలో స్త్రీలు సుమారు 25,000 మంది. ఈ స్త్రీలలో పెక్కుమంది పరుల యిండ్లలో పనిచేసి పొట్టపోసికొన్నవారు. పెక్కుమంది నేరము దొంగతనమే.

వారిలో మార్గరెట్ కాచ్‌పోల్ అను నామె చరిత్రము చక్కగా తెలియుచున్నది. ఆమె 1762లో సఫోక్ మండలమున పుట్టినది. ఇప్స్‌విచ్ పట్టణమున బీరు తయారుచేయు వ్యాపారియైన జాన్ కాబోల్డు ఇంట వంటపనియు, బిడ్డల పోషణయు చూచినది. ఆ యింటి బిడ్డల ప్రాణము ఒకటికంటె ఎక్కువమారులు కాపాడినది. చదువను, వ్రాయను నేర్చినదియు ఆ యింటనే. 1795లో ఆ కొలువు విడిచినది. పిదప జబ్బు చేసెను, పని దొరకలేదు. 1797 మే నెలలో ఒక రాత్రి ఆ పూర్వపు యజమాని గుఱ్ఱమునే లాయమునుండి విప్పుకొని, పది గంటలలో డెబ్బది మైళ్లు స్వారిచేసి లండను చేరినది. గుఱ్ఱమును అమ్మబోవుచు పట్టువడినది.

న్యాయస్థానము ఉరిశిక్ష విధించి, పిమ్మట దానిని ఏడేండ్ల ద్వీపాంతరముగా మార్చెను. మూడేండ్లు ఇప్స్‌విచ్ చెరసాలలోనే ఆమె గడపినది. 1800 మార్చిలో బట్టలారవేయు త్రాడు ఆధారముగా ఇరువదిరెండడుగుల గోడ దాటి పారిపోయినది. మరల పట్టిరి, మరల ఉరియనిరి, మరల యావజ్జీవ ద్వీపాంతరముగా మార్చిరి. 1801 డిసెంబరు 14న నైలు అను ఓడమీద ఆమె సిడ్నీ చేరినది.

అచ్చట ఆమెకు దొరికిన పని యేది? సర్కారు సరకుల అధికారి యింట వంటపని! ఈ విషయమును శ్రోతలు కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఇంట ఉంచుకొనుటకు తగదని దేశమునుండి వెడలగొట్టిన స్త్రీని, ఆ దేశపువారే అక్కడ తమ యింటిలోనికి తెచ్చుకొని, పొయ్యియు బిడ్డలను అప్పగించిరి. ఆమెకే కాదు, వేలకొలది స్త్రీలకు జరిగినదిదియే. ఖైదీ స్త్రీలను జీతము లేని పనికత్తెలుగా కాపురస్థులకు పంచిపెట్టుట అచ్చటి యేర్పాటు. యజమానికి నచ్చక తిరిగి వచ్చినవారిని, మరల తప్పు చేసినవారిని ఉంచుటకు పరమట్టాలోను, హోబర్టు నగరపు కాస్కేడ్సులోను స్త్రీల కార్ఖానాలు కట్టిరి. నమ్మరాదని శిక్షించిన వారిని నమ్మక గడవదని ఆ దేశమే ఒప్పుకొన్నట్లయ్యెను.

మార్గరెట్ ఆ నమ్మకమును నిలుపుకొన్నది. వ్యవసాయపు పనులపై పెత్తనము చేసినది. కొద్దిపాటి భూమి కౌలుకు తీసికొన్నది. మంత్రసానియై ఎందరికో పురుళ్లు పోసినది. తన పినతండ్రికి, పినతల్లికి, ముఖ్యముగా ఆ కాబోల్డు ఇల్లాలికి ఉత్తరములు వ్రాయుచునే యుండినది. హాక్స్‌బరీ నది వరదలు, ఆ వలసలోని బ్రదుకు ఎట్టివో ఆ లేఖలవలన నేటికిని తెలియుచున్నవి. గుఱ్ఱము పోయిన యింటి యజమానురాలికి, ఆ గుఱ్ఱము తీసికొనిపోయిన పనికత్తె భూగోళము అవతలనుండి క్షేమసమాచారములు తెలుపుట సామాన్య విషయమా! ఒక్క నేరము ఆ యిరువురి బాంధవ్యమును తెగగొట్టలేకపోయినది. 1814లో ఆమెకు క్షమాపణ లభించెను. 1819 మే 13న ఆమె ఆ దేశముననే కన్నుమూసినది.

మన తీరమునకును ఈ చరిత్రలో పాలు కలదు. ఈస్టిండియా కంపెనీవారు 1787 మొదలు మన దేశపు ఖైదీలను సుమత్రాలోని బెంకూలెనుకును, పిమ్మట పినాంగు మొదలగు చోట్లకును పంపిరి. 1825 ఏప్రిల్ 18న హొరేషియో అను ఓడ బెంకూలెనునుండి సింగపూరునకు తొలి భారతీయ ఖైదీలను చేర్చెను. ఆ ఎనుబదిమందియు మద్రాసు రాజధానినుండి శిక్షపడి పోయినవారు. నూజివీడు జమీందారీయు నాడు ఆ రాజధానిలోనిదే. ఆ ఎనుబదిమందిలో యావజ్జీవ శిక్షపొందిన స్త్రీ ఒకతె కలదు. మార్గరెట్టువలె ఉత్తరములు వ్రాసి తన బ్రదుకు చెప్పుకొను భాగ్యము ఆ వరుసలోని మన స్త్రీలకు కలుగలేదు. 1858లో అండమాను దీవులలో ఖైదీల వసతి యేర్పడిన పిదప ఆ దీవుల పేరే ఈ శిక్షకు మారుపేరయ్యెను. స్వతంత్ర భారతము 1955లో చట్టము సవరించి, 1956 జనవరి 1 నుండి శిక్షాస్మృతిలో ద్వీపాంతరవాసమను మాటను తొలగించి, యావజ్జీవ కారాగారమను మాటను నిలిపెను.

ద్వీపాంతరము పోయినను, ఇంటిదొంగను వేరుగ లెక్కించుట పోలేదు. 1860 నాటి శిక్షాస్మృతి సామాన్యమైన దొంగతనమునకు మూడేండ్లవరకు ఖైదు విధింపగా, యజమాని సొత్తు దొంగిలించిన పనివారికి ఏడేండ్లవరకు విధించెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితయు ఈ భేదమును నిలిపియే యున్నది. అయిదువేల రూపాయలకు తక్కువ వెలగల సొత్తును మొదటిసారి దొంగిలించి తిరిగి యిచ్చిన వారికి సమాజసేవయే శిక్షయను క్రొత్త నియమము కూడ సామాన్యమైన దొంగతనమును గూర్చిన సెక్షనులోనే కలదు. ఈ భేదమునకు కారణము స్పష్టమే. పనివారు దొంగిలించినచో సొత్తుతోపాటు నమ్మకము కూడ పోవును.

ఈ మాట నిజమే. కాని నమ్మకము ఒకవైపునుండి మాత్రమే నడచునది కాదు. నెల జీతము నెలనాడే చేతికి వచ్చునని పనిమనిషి మనలను నమ్మును. జబ్బుపడిననాడు కొలువు పోదని నమ్మును. వస్తువు కనబడనినాడు ముందుగ వెదకి, పిదప అడుగుదురేగాని, నలుగురిలో మూట విప్పించరని నమ్మును. మనము ఈ నమ్మకమును చెరచుటయు తప్పే. ఒక వీధిలో ఒక యింట "దొంగ" అన్నమాట పడినచో తక్కిన యిండ్ల తలుపులన్నియు ఆమెకు మూతపడును. వస్తువు బియ్యపు డబ్బాలోనో, అటకమీదనో మరునాడు దొరకినను, ఆ తలుపులు వెంటనే తెరచుకొనవు. ఓడ యెక్కకయే ఆమెకు ద్వీపాంతరము ప్రాప్తించినట్లే.

కావున మేము గృహిణులకు విన్నవించునది స్వల్పము. పోయిన వస్తువును తాపీగ వెదకుడు. అనుమానమున్నచో ఏకాంతమున, మర్యాదగ అడుగుడు. దొరకినపిమ్మట, అనుమానపడిన సంగతి ఆమెకు తెలిసియుండినచో, అనుమానము పోయిన సంగతియు ఆమెతోను, ఆ మాట విన్నవారితోను చెప్పుడు. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేకపోవచ్చును. ఇంటిలోని నిర్దోషికి అన్యాయము జరుగకుండ చూచుట మాత్రము మన చేతిలోని పనియే.