పని తగ్గించండి, కూలి తగ్గించొద్దు

(సేవాలాల్ జయంతి సందర్భంగా రుద్రంగిలో కలిసిన తండాల యువతతో సంఘం తరఫున మాట్లాడిన మాటల పాఠం)

 

ఈరోజు మేము డాన్సు గురించో, పాట గురించో మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. కానీ పోయినసారి ఇక్కడే కూర్చున్నప్పుడు మీలో చాలామంది ఒకే మాట అడిగారు. "మన అద్దాల కుట్టుపనితో చిన్న వ్యాపారం పెట్టుకుంటే నడుస్తదా?" అని. ఆ ప్రశ్నకు మాకు తెలిసినంత జవాబు చెప్పాలని వచ్చాం. మేము ఒకసారి చేసి దెబ్బతిన్నవాళ్లం. అందుకే ధైర్యంగా చెప్పగలం.

ముందు ఒక మాట. వ్యాపారం మనకు కొత్త కాదు. మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరూ తిరిగి అమ్మినవాళ్లు. దాన్నే లదేణి అన్నారు. రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకుదెరువు పోయింది, మనం తండాలు కట్టుకుని భూమిని నమ్ముకున్నాం. ఇప్పుడు మన దిక్కు బతుకు ఎట్లుందో మీకు చెప్పనక్కర్లేదు. మగపిల్లలు పాస్‌పోర్టు చేయించుకుని దుబాయ్, మస్కట్ దారి పడుతున్నారు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల చుట్టూ ఆడవాళ్ల ఒడిలో బీడీల చాట ఉంటుంది. ఈ రెండూ కాకుండా ఇంకో దారి దొరుకుతుందా అన్నదే మీ ప్రశ్న వెనక ఉన్న ప్రశ్న. మాకు అది తెలుసు.

ఇక మా కథ వినండి.

మేము పదిమంది ఆడబిడ్డలను కూర్చోబెట్టి భుజానికి వేసుకునే సంచులు కుట్టించాం. పట్నంలో ఒక దుకాణం వాళ్లు 40 సంచులు అడిగారు. ఒక్కోటి 350 రూపాయలు అన్నారు. మాకు అది పెద్ద పైసలనిపించింది. సరే అన్నాం. కాగితం రాసుకోలేదు, అడ్వాన్సు అడగలేదు. సంచులు ఇచ్చాక ఐదు నెలలు తిప్పారు. చివరికి ఆరు సంచులు వాపసు పంపారు, ఎర్ర దారం రంగు దిగి తెల్ల గుడ్డకు అంటిందని. ఆ తప్పు మాదే, కాదనలేం. మిగిలిన 34 సంచులకు 11,900 రూపాయలు వచ్చాయి. బట్ట, అస్తరు, దారం, అద్దాలు, జిప్పు కలిపి సంచికి 200 చొప్పున 8,000 ముందే ఖర్చు పెట్టాం. మిగిలింది 3,900. పదిమందికి పంచితే తలా 390.

ఒక్కో సంచికి చేతిపని 12 గంటలు పట్టింది. అంటే ఒక్కొక్కరు 48 గంటలు కుట్టారు. గంటకు ఎనిమిది రూపాయలు పడింది. ఒక చెల్లె అన్నది, "దీనికన్నా బీడీలే నయం కదక్కా, వెయ్యికి ఇంత అని ముందే తెలుస్తది" అని. మా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత అదే సంచిని ఆ దుకాణంలో 1,200 రూపాయల చీటీతో చూశాం.

ఆ రోజు నుంచి మేము నేర్చుకున్నది చెప్తాం.

మొదటిది, లెక్క. కుట్టేముందే కాగితం మీద నాలుగు వరుసలు రాయండి. సామాను, చేతి కూలి, దారి ఖర్చు, మిగులు. ఇప్పుడు మేము అదే సంచికి ఇట్లా రాస్తాం. సామాను 200. గంటకు 50 చొప్పున 12 గంటలకు కూలి 600. బస్సు, ప్యాకింగ్, పాడైపోయేవి కలిపి 80. మొత్తం 880. తర్వాత సరుకు కొనడానికి మిగులు 120. అంటే 1,000 రూపాయలు. ఆ ధరకు ఎవరూ కొనకపోతే? చాలామంది ఇక్కడే కూలిలో కోత పెడతారు. అది చెయ్యొద్దు. పనిని తగ్గించండి. సంచి అంతా కుట్టే బదులు జేబు మీద ఒక్క పట్టీ కుట్టండి. కుర్తీ మెడకు అతికించే పట్టీకి నాలుగు గంటలు చాలు. కూలి 200, సామాను 50, ఇతర ఖర్చు 30, మిగులు 40, మొత్తం 320. కోరుట్ల, జగిత్యాలల్లో బట్టలు కుట్టే దుకాణాలు ఇట్లాంటి పట్టీలు తీసుకుంటాయి. తాళంచెవి గుత్తి, ఫోన్ సంచి ఇంకా చిన్న పనులు. వస్తువు చిన్నదైనా గంటకు కూలి మాత్రం అదే ఉండాలి.

రెండోది, సామాను పరీక్ష. నూలు బట్టను ముందు నానబెట్టి, ఆరబెట్టి, తర్వాతే కత్తిరించండి. లేకపోతే కుట్టినాక ముడుచుకుంటుంది. ప్రతి రంగు దారాన్నీ తడిపి తెల్ల గుడ్డలో చుట్టి రాత్రంతా ఉంచండి. తెల్లారి గుడ్డకు రంగు అంటితే ఆ దారం వాపసు ఇచ్చెయ్యండి. ఈ ఒక్క పని చేసి ఉంటే మా ఆరు సంచులు మిగిలేవి.

మూడోది, నేర్చుకోవడం. అద్దం అతికించి చుట్టూ దారం తిప్పితే బంజారా పని అయిపోదు. కిలన్, వేలె, బక్యా, మాకీ, రేలో, నక్రా, ఇట్లా ఒక్కో కుట్టుకు ఒక్కో పేరుంది. యంత్రాల మీద అచ్చేసిన నకళ్లు బజారులో వంద రూపాయలకే దొరుకుతున్నాయి. వాటితో ధరలో పోటీ పడలేం, చేతిపనితోనే పడాలి. తమిళనాడులో ధర్మపురి జిల్లా సిట్టిలింగి లోయలో లంబాడీ తండాలున్నాయి. అక్కడ ఈ కుట్టు దాదాపు పోయింది, ఇద్దరు పెద్దమ్మలకే తెలిసి మిగిలింది. డాక్టర్ లలిత అండతో వాళ్ల దగ్గర కూర్చుని చిన్నవాళ్లు మళ్లీ నేర్చుకున్నారు. ఇవాళ 'పోర్గై' పేరుతో వాళ్ల వస్తువులు అమ్ముడుపోతున్నాయి. పోర్గై అంటే వాళ్ల మాటల్లో గర్వం. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడి కుశల కళా కేంద్రం ఏళ్ల తరబడి చేసిన పని దాని వెనక ఉంది. 2023 జులైలో హంపిలో జీ20 సమావేశాలప్పుడు సుమారు 450 మంది ఆడవాళ్లు చేసిన 1,755 వస్తువులు ఒకచోట పెడితే గిన్నిస్ రికార్డు అయింది. వాళ్ల తాండాల్లోనూ మన దాదీల లాంటి దాదీలే ఉన్నారు.

ఇక్కడే ఒక బాధ చెప్పాలి. మీ ఇంట్లో దాదీ పెట్టె తీసి చూడండి. పాత కాంచళి, ఫేటియా, టుక్రి ఏమన్నా మిగిలిందా? మన దగ్గర చాలా ఇళ్లలో స్టీలు గిన్నెకో, నాలుగు పైసలకో బేరగాళ్లకు ఇచ్చేశారు. వాటిని కత్తిరించి సంచులు, దిండ్ల గలీబులు చేసి పట్నాల్లో అమ్ముతారు. మిగిలిన వాటిని కత్తిరించొద్దు, అమ్మొద్దు. పగటి వెలుతురులో ముందు, వెనక ఫోటోలు తీయండి. ఏ కుట్టు పేరేమిటో దాదీని అడిగి గోర్ బోలీ మాటనే తెలుగు అక్షరాల్లో రాసుకోండి. పాతది చూసి కొత్తది కుట్టి అమ్ముదాం. పాతది ఇంట్లోనే ఉండాలి, రేపు మీ పిల్లలు చూసి నేర్చుకోవాలంటే.

నాలుగోది, ఒక్క కొనుగోలుదారును నమ్ముకోవద్దు. మన జిల్లాలోనే పాఠం ఉంది. 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లతో సిరిసిల్ల మగ్గాలకు చేతినిండా పని దొరికింది. ఆ ఆర్డర్లు ఆగినప్పుడు మగ్గాలు ఆగాయి, నేతన్నలు ఎంత ఇబ్బంది పడ్డారో మనం కళ్లారా చూశాం. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన సిరిసిల్ల నేతన్న నల్ల విజయ్ పేరు దేశమంతా తెలుసు. అట్లాంటి అపురూపమైన వస్తువు ఒకటి చేస్తే నలుగురూ మన వైపు చూస్తారు. కానీ నెలనెలా ఇల్లు గడవాలంటే రోజూ అమ్ముడుపోయే చిన్న వస్తువు కావాలి. అది కూడా ముగ్గురు నలుగురు కొనేవాళ్లు ఉండాలి. పెద్ద ఆర్డర్ వస్తే సగం పైసలు ముందు తీసుకోండి. ఎన్ని, ఎంతకు, ఎప్పటికి, మిగతా పైసలు ఎప్పుడు అన్నది చిన్న కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం చెయ్యండి. సంతకం అడిగితే మర్యాద పోదు.

ఐదోది, పైసలు. మొదటి రోజే అప్పుకు పోవద్దు. కొద్దిపాటి సామానుతో ఇరవై చిన్న వస్తువులు చేసి అమ్మి చూడండి. మూడు నెలలు నడిచాక ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. అది ఉచితం, ఎవరన్నా పైసలు అడిగితే ఇవ్వకండి. చేతివృత్తుల వాళ్లకు ఇచ్చే పహచాన్ కార్డుకు దరఖాస్తు పెట్టండి, మేళాల్లో స్టాలు అడగడానికి పనికొస్తుంది. ఇంట్లో యాడి మహిళా సంఘంలో ఉంటే స్త్రీనిధి అప్పు గురించి అడగండి. ఇంకా పెద్దగా పెట్టాలనుకుంటే పీఎంఈజీపీ ఉంది. పల్లెల్లో గిరిజనులకు ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం సబ్సిడీ, మన చేతి నుంచి 5 శాతం పెట్టాలి. కానీ గుర్తుంచుకోండి, సబ్సిడీ కోసం వ్యాపారం పెడితే ఆ వ్యాపారం నిలవదు.

తమ్ముళ్లూ, ఇది ఆడవాళ్ల పని అని మీరు పక్కకు జరగొద్దు. కుట్టేవాళ్లు కుడతారు. లెక్క రాయడం, ఫోటో తీయడం, పోస్టాఫీసుకు పార్సిల్ మోయడం, దుకాణాల చుట్టూ తిరిగి బాకీ అడగడం ఎవరు చేస్తారు? ఫోటో తీసేటప్పుడు రంగులు మెరిపించే ఫిల్టర్లు పెట్టకండి. ఫోన్‌లో ఒక రంగు, చేతికి వచ్చాక ఇంకో రంగు అయితే వస్తువు వాపసు వస్తుంది. ప్రతి వస్తువుతో ఒక చిన్న చీటీ పెట్టండి. ఏ కుట్టు, ఏ తండా, ఎన్ని గంటల పని అని రాయండి. కుట్టిన ఆమె ఒప్పుకుంటే ఆమె పేరు కూడా రాయండి. ఆ చీటీ చదివినవాళ్లు ధర ఎందుకంతో మళ్లీ అడగరు.

చివరగా ఒకటి. మేము చెప్పినట్టు చేస్తే అందరూ లక్షాధికారులవుతారని చెప్పం. కొందరికి నడవదు. కొందరు రెండేళ్లు చేసి మానేస్తారు. అయినా చేతికి పని వస్తుంది, లెక్క వస్తుంది. ఆ రోజు "బీడీలే నయం" అన్న చెల్లె ఇప్పుడు మెడ పట్టీలు కుడుతోంది. నోటు పుస్తకంలో ప్రతి పట్టీకి పట్టిన గంటలు రాస్తుంది. మొన్న ఒక దుకాణం వాళ్లు 320ది 200కి ఇవ్వమన్నారు. ఆమె పుస్తకం తీసి ముందు పెట్టింది. "రెండు వందలకైతే ఇంత పని రాదన్నా, దీనిలో సగం పని చేసిస్తా" అన్నది. వాళ్లు కాసేపు చూసి 320కే తీసుకున్నారు.

మీరు కూడా రేపు ఒక నోటు పుస్తకం కొనండి. మొదటి పేజీలో మీ దాదీ చెప్పిన కుట్ల పేర్లు రాయండి, రెండో పేజీ నుంచి లెక్క మొదలుపెట్టండి. ఎక్కడన్నా ఆగిపోతే మా దగ్గరికి రండి, కలిసి కూర్చుని చూద్దాం.

జై సేవాలాల్.