కంప్యూటరులో లినక్సు మార్పు

గ్రంథాలయమున చక్కగా నడచుచున్న లినక్సు వ్యవస్థను, క్రొత్తది వెలువడినదను కారణమున మాత్రమే మార్చనక్కరలేదు. దానికి రక్షణ సవరణలు ఆగు దినమును ఎరిగియుండవలెను. ఉబుంటు 20.04కు సాధారణ సవరణలు 2025 మే నెలతో ముగిసినవి. వేరు ఏర్పాటు లేక అట్టి యంత్రమును ఇంటర్నెట్టుకు కలిపియుంచుట తలుపు తెరచి నిద్రించుటయే. అయితే 2025 ఆగస్టున వెలువడిన డెబియన్ 13ను ఇంటెల్ రకపు పాత 32 బిట్ల యంత్రములపై స్థాపించుటకు వీలులేదు. కావున ముందు యంత్రమును పరీక్షింపవలెను. పుస్తకముల పట్టికకును, చందాదారుల లెక్కలకును వేరొకచోట నకలు తీసియుంచవలెను.

నెల్లూరు తీరమున ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల వేటకు నిషేధము. జాలరులు పడవలను అప్పుడు బాగుచేసికొందురు గాని వేటనాడు కాదు. అట్లే వ్యవస్థ మార్పును తుపానుల కార్తీకమున తలపెట్టరాదు. నడుమ విద్యుత్తు ఆగినచో యంత్రము మరల నడువకపోవచ్చును. యంత్రమును కొనవచ్చును గాని, 25 ఏండ్ల పట్టిక పోయినచో మరల దొరకదు.