స్టాలిన్‌గ్రాడ్ ఆకాశంలో మన లెక్కల పీరియడ్

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1985 పదో తరగతి బ్యాచ్. బి సెక్షన్, కిటికీ పక్క బెంచీ. మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వేవో విమానాల ఆటలు తయారు చేస్తున్నావటగా, పిల్లలకి దాని గురించి పదిహేను నిమిషాలు చెప్పు" అన్నారు. ఆట అన్న మాట నిజమే. కానీ ఆ ఆట నన్ను మళ్లీ మన లెక్కల పీరియడ్‌కి తీసుకొచ్చింది. అది చెబుతాను.

నేను మెకానికల్ ఇంజనీరుని. పగలు హైదరాబాద్‌లో ఉద్యోగం. రాత్రిళ్లూ ఆదివారాలూ ఫ్లైట్ సిమ్యులేటర్ల పని. కంప్యూటర్ ముందు కూర్చుని, జాయ్‌స్టిక్ పట్టుకుని, నిజం విమానం నడిపినట్టే నడపడమే సిమ్యులేటర్. పాత యుద్ధాల్లో జరిగిన విమాన ప్రయాణాలను అందులో మళ్లీ నడిపేలా 'మిషన్లు' తయారు చేసే స్నేహితుల గుంపు మాది. ఎవరి ఊళ్లో వాళ్లుంటాం. డబ్బులు రావు, నిద్ర మాత్రం పోతుంది. నా వంతు పరిశోధన. ఫలానా రోజు ఏ విమానం ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్లింది, ఎంత బరువు మోసింది, మంచు ఎంత, పొగమంచు ఎంత అన్న వివరాలన్నీ నేను తెచ్చివ్వాలి.

మూడేళ్ల క్రితం మేం ఎత్తుకున్నది స్టాలిన్‌గ్రాడ్. ఇప్పుడు దాన్ని వోల్గోగ్రాడ్ అంటారు. రష్యాలో వోల్గా నది ఒడ్డున, మన గోదావరి గట్టు మీద ఊళ్లలాగే నది పొడవునా సాగిన నగరం. మా సోషల్ టీచర్ గారు రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో ఈ పేరు బోర్డు మీద రాసి కింద రెండు గీతలు గీశారు. నాకు గుర్తున్నది ఆ గీతలే.

1942 ఆగస్టు 23న జర్మన్ విమానాలు వందల సంఖ్యలో వచ్చి ఆ నగరం మీద బాంబులు కురిపించాయి. చమురు ట్యాంకులు తగలబడ్డాయి. ఆ రోజుల ఫోటో ఒకటి ప్రపంచమంతా చూసింది. రైల్వే స్టేషన్ దగ్గర ఫౌంటెన్, అందులో మొసలి చుట్టూ చేతులు పట్టుకుని ఆడుతున్న పిల్లల బొమ్మలు, వాటి వెనక మండుతున్న మేడలు. మా సిమ్యులేటర్లో నగరమంటే మూడు వేల మీటర్ల ఎత్తు నుంచి కనిపించే బూడిదరంగు పెట్టెలు. ఆ ఫోటో చూశాక అవి నాకు పెట్టెల్లా కనిపించడం మానేశాయి. ఆ ఇళ్ల నేలమాళిగల్లో, వాగుల గట్లలో తవ్వుకున్న బొరియల్లో తల్లులూ పిల్లలూ ఉన్నారు. నది దాటించే పడవల మీద కూడా బాంబులు పడ్డాయి.

నవంబర్లో కథ తిరగబడింది. నగరాన్ని ముట్టడించిన జర్మన్ ఆరో సైన్యాన్నే 1942 నవంబర్ 23 నాటికి సోవియట్ సైన్యాలు చుట్టుముట్టాయి. రెండున్నర లక్షల మందికి పైగా లోపల చిక్కుకున్నారు. రోడ్డు లేదు, రైలు లేదు. తిండి, మందుగుండు, పెట్రోలు అన్నీ ఆకాశం నుంచే రావాలి. రోజుకు 500 టన్నులు అందిస్తామని వైమానిక దళాధిపతి గోరింగ్ హిట్లర్‌కి మాటిచ్చాడు.

500 టన్నులు. ఇక్కడే మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. జవాబు పక్కన యూనిట్లు రాయకపోతే మాస్టారు అర మార్కు కోసేవారు. "అయిదొందలు ఏమిట్రా? కిలోలా, కొబ్బరికాయలా?" అనేవారు. జవాబు వచ్చాక "ఇది జరిగే పనేనా, ఓసారి వెనక్కెళ్లి చూడు" అనేవారు. మాస్టారు చెప్పినట్టే వెనక్కెళ్లి చూశాను. పిల్లలూ, మీరు కూడా నాతో లెక్క చేయండి.

వాళ్ల రవాణా విమానం జంకర్స్ 52. మూడు ఇంజన్లు, మన రేకుల షెడ్డు లాంటి ముడతల రేకు ఒళ్లు. మోసేది సుమారు 2 టన్నులు. 500 టన్నులకు రోజుకు 250 విమానాలు దిగాలి. ఆ అక్షాంశంలో డిసెంబర్ చివర పగలు 8 గంటలు. మన దగ్గర ఎంత చలికాలమైనా 11 గంటలుంటుంది. 8 గంటలంటే 480 నిమిషాలు. 250తో భాగిస్తే, రెండు నిమిషాలకు ఒక విమానం చొప్పున దిగి, సరుకు దింపి, గాయపడినవాళ్లను ఎక్కించుకుని, మళ్లీ లేవాలి. అదీ ప్రధానంగా పిటోమ్నిక్ అనే ఒక్క మైదానంలో. మంచులో, గుళ్ల వర్షంలో.

చలి మైనస్ 20 డిగ్రీల కిందికి పోతే ఇంజన్లో నూనె గడ్డ కట్టినంత పనవుతుంది. పొద్దున్నే వేడిగాలి పట్టించి ఇంజన్లు లేపాలి. మూడు విమానాలుంటే ఎగరగలిగే స్థితిలో ఒకటి ఉంటే గొప్ప. అలా చూస్తే 250 దిగడానికి 750 కావాలి. అప్పుడే ఉత్తర ఆఫ్రికా యుద్ధానికి కూడా ఆ విమానాలే అక్కరపడ్డాయి.

ఇంకో సంగతి చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. సరుకు పంపే డబ్బాలను 250 కిలోలవి, 1000 కిలోలవి అని పిలిచేవారు. ఆ సంఖ్య లోపల పట్టే సరుకు బరువు కాదు. ఆ సైజు బాంబు తగిలించే చోట ఆ డబ్బా తగిలిస్తారు కాబట్టి ఆ పేరు. సరుకు పట్టేది అందులో దాదాపు మూడింట రెండు వంతులే. వైమానిక దళ ముఖ్య సైనికాధికారి యెషోనెక్ మొదటి లెక్క పేరులోని సంఖ్యతో వేశాడు. తప్పు తెలిశాక గోరింగ్‌కి చెప్పాడు. హిట్లర్‌కి చెప్పొద్దని గోరింగ్ ఆపాడు, అప్పటికే మాటిచ్చేశాం కనక.

మా నాన్నగారు ధాన్యం తూచేటప్పుడు గోనె బరువు తీసేసి లెక్క కట్టేవారు. రైతుకి తెలిసిన గోనె బరువు అంత పెద్ద సైన్యాధికారులకు తట్టలేదు.

ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు. వైమానిక దళంలోనే ఫీబిగ్, రిష్టోఫెన్ అనే సేనానులు ఇంత సైన్యాన్ని గాల్లోంచి పోషించడం అయ్యే పని కాదని మొదటి రోజుల్లోనే అన్నారు. ఈ రిష్టోఫెన్ విమానాలే ఆగస్టులో నగరాన్ని కాల్చాయి. కాబట్టి ఆయన్ని మంచివాడని చెప్పడం లేదు. లెక్క తెలిసినవాడని చెబుతున్నాను. సైన్యం తరఫున జైట్స్‌లర్ హిట్లర్ ఎదుటే గోరింగ్‌తో వాదించాడు. పైవాళ్లకు వినాలని లేదు. అంతకు ముందు శీతాకాలం డెమ్యాన్స్క్ దగ్గర చిక్కుకున్న సుమారు లక్ష మందిని విమానాలతో నిలబెట్టగలిగారు. అక్కడైంది కదా, ఇక్కడా అవుతుంది అనుకున్నారు. ఇక్కడ మనుషులు రెండింతలకు మించి. ఎదురుగా ఉన్న సోవియట్ వైమానిక దళం కూడా అప్పటిది కాదు. నోవికోవ్ నాయకత్వంలో ఫైటర్ విమానాలూ విమాన విధ్వంసక ఫిరంగులూ వలయాలుగా కాపు కాశాయి. రాత్రయితే కర్రా గుడ్డా కలిపి చేసిన చిన్న యూ-2 విమానాలు వచ్చి బాంబులేసేవి. వాటి చప్పుడుకు జర్మన్ సైనికులు కుట్టుమిషను అని పేరు పెట్టుకున్నారు.

ఫలితం చెబుతాను. అన్నిటికన్నా మంచి రోజు డిసెంబర్ 19. ఆ రోజు అందినది 289 టన్నులు. మొత్తం 72 రోజులకు సుమారు 8,350 టన్నులు. భాగించండి. రోజుకు 116. మాటిచ్చిన దాంట్లో నాలుగో వంతు కూడా కాదు. డిసెంబర్ 24న సోవియట్ ట్యాంకులు తాత్సిన్‌స్కాయా విమానాశ్రయంలోకే వచ్చేశాయి. పొగమంచులో, గుళ్లు పడుతుండగా వందకు పైగా విమానాలు లేచిపోయాయి. మిగిలినవి అక్కడే ధ్వంసమయ్యాయి. అప్పటి నుంచి ఇంకా దూరం నుంచి రావాలి. జనవరి 16న పిటోమ్నిక్ పోయింది. ఆ తర్వాత కొద్దిరోజులకే గుమ్రాక్ పోయింది. ఇక పారాషూట్లతో పారేయడమే. అవి మంచులో పడితే వెతికి తెచ్చుకునే ఓపిక, పెట్రోలు కింద లేవు. 1943 ఫిబ్రవరి 2న అంతా ముగిసింది. జర్మన్ లెక్క ప్రకారమే పోయిన విమానాలు 488. లొంగిపోయినవాళ్లు సుమారు 91 వేలు. ఎన్నో ఏళ్లకు ఇళ్లకు చేరినవాళ్లు ఐదారు వేలే.

మా మిషన్ మొదట ఎలా చేశామంటే, పైలట్ 2 టన్నులు దించి క్షేమంగా తిరిగొస్తే తెర మీద 'విజయం' అని వచ్చేది. డబ్బాల సంగతి తెలిశాక నేను అడ్డుపడ్డాను. ఇప్పుడు విమానం దిగగానే రెండు అంకెలు కనిపిస్తాయి. ఆ రోజు కావలసింది 500, మొత్తం అందింది ఇంత. అంతే. మా గుంపులో ఇంజనీరింగ్ చదివే కుర్రాడొకడు వారం రోజులు ఆడి ఫోన్ చేశాడు. "అంకుల్, నేను ఒక్క తప్పూ చేయలేదు. అయినా ప్రతిరోజూ ఓడిపోతున్నాను. ఇదేం ఆట?" అన్నాడు. "బాబూ, నువ్వు సరిగ్గానే ఆడావు. బల్ల దగ్గర వేసిన లెక్క తప్పు. అది నీ నడపడంతో సరికాదు" అన్నాను.

ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో ఇవాళ చెబుతాను. మా ఇంట్లో తప్ప ఎక్కడా చెప్పలేదు.

1994లో నాకు ఉద్యోగం కొత్త. ఒక ఫ్యాక్టరీలో పెద్ద గేర్‌బాక్సు ఎత్తి పక్క షెడ్డులో పెట్టాలి. దానికి ఎంత లావు వైరు తాడు కావాలో లెక్క నాది. కేటలాగులో ఉన్న బరువు తీసుకుని కాగితం మీద వేశాను. పొద్దున్న గేర్‌బాక్సు దగ్గరికి వెళ్తే, అందులో నూనె తీయలేదు, కింది ఇనప చట్రం విప్పలేదు. కేటలాగు బరువు అవేవీ లేకుండా ఇచ్చినదేమో అని అనుమానం వచ్చింది. మా పై అధికారి తొందరలో ఉన్నారు. "ఏమయ్యా, సరిపోతుందా?" అన్నారు. ఆయన కసురుకోలేదు, బెదిరించలేదు. కొత్తవాణ్ణి, అందరూ చూస్తున్నారు. "సరిపోతుంది సార్" అన్నాను.

జానెడు ఎత్తు లేచాక తాడు తెగింది. పట్టుకుని తిప్పుతున్న హెల్పర్ పాదం కింద పడింది. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. ఆసుపత్రికి వెళ్తే, "నీ తప్పేం ఉంది బాబూ, తాడు పాతది" అని నన్నే ఓదార్చాడు. తాడు పాతదని విచారణలోనూ రాశారు. నేను నోరు విప్పలేదు. ఆయన తర్వాత కుంటుతూనే పని చేశాడు. నేను ఆ ఉద్యోగం మారాను. ఆయనకు నిజం చెప్పలేదు. ఈ పరిశోధన అయ్యాక వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లయిందని వాళ్లబ్బాయి చెప్పాడు. వాళ్లబ్బాయికి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికెళ్లి టీ తెచ్చి ఇచ్చాడు.

యెషోనెక్ గురించి చదువుతుంటే నాకు కోపం రాలేదు, సిగ్గేసింది. ఆయన తప్పు తెలిశాక పైవాడికైనా చెప్పాడు. నేను అదీ చేయలేదు. రెండున్నర లక్షల మందితో ఒక మనిషి పాదాన్ని పోల్చడం లేదు. కానీ కేటలాగు మీది అంకె, డబ్బా పేరులోని అంకె ఒకలాంటివే. రెండుచోట్లా గోనె బరువు తీయలేదు. రెండుచోట్లా "సరిపోదు" అన్న నాలుగక్షరాలు చెప్పాల్సిన చోట చెప్పలేదు.

మన బడి గోడ మీద ర్యాంకులు వచ్చినవాళ్ల పేర్లు రాశారు, సంతోషం. ఇక్కడున్న ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. "తెలీదు సార్", "సరిపోదు సార్" అన్న పిల్లవాణ్ణి క్లాసులో నవ్వులపాలు కానివ్వకండి. రేపు వాడే ఎక్కడో క్రేను దగ్గర నిలబడతాడు, వంతెన కడతాడు, మందు డోసు రాస్తాడు. ఆ ఒక్క మాట అనడం వాడికి ఇక్కడే అలవాటు కావాలి. పెద్ద పదవుల్లో ఉన్న నా తోటి పూర్వ విద్యార్థులకు ఇంకో మాట. కింది ఉద్యోగి "సరిపోదు" అంటే, కాగితం మీ వైపు తిప్పుకుని ఒకసారి చూడండి.

మాస్టారు ఎనభై దాటినా ఇవాళ శ్రమపడి వచ్చారు. మాస్టారూ, ఇందాక చెప్పిన ప్రతి అంకె పక్కనా టన్నులో, కిలోలో, నిమిషాలో చెప్పాననే అనుకుంటున్నాను. ఎక్కడైనా వదిలేసి ఉంటే అర మార్కు కోయండి.