కట్టివేసి పెంచే గేదెల సంరక్షణ



ఈ రోజు గేదెలను గురించి నాలుగు మాటలు చెప్పదలచాను. కోస్తాలో గేదె అంటాం, తెలంగాణలో బర్రె అంటారు, రాయలసీమలో ఎనుము అంటారు. పేరేదైనా జీవి ఒకటే, దాని అవసరాలూ ఒకటే.

వెనుకటి రోజుల్లో గేదెను సాకడం కొంత సులువుగా ఉండేది. పొద్దున్నే పాలు పితికి మందలో తోలేవారు. అది బీట్లో మేసి, ఎండ ముదిరేసరికి చెరువులో దిగి, మెడలోతు నీళ్లలో పడుకొని, పొద్దుగూకే వేళకు ఇంటికి చేరేది. ఇప్పుడు చాల గ్రామాల్లో బీళ్లు సాగులోకి వచ్చాయి. కొన్నిచోట్ల చెరువులు చేపల పెంపకానికి పోయాయి. గేదె పగలూ రాత్రీ కట్టుకొయ్య దగ్గరే ఉంటున్నది. కట్టివేసి పెంచడం తప్పని నేననను. కాని ఒక్క సంగతి మరువరాదు. దాని మెడకు పలుపు వేసిననాడే, అది తనంతట తాను చేసుకొనే పనులన్నీ మన నెత్తిన పడ్డాయి. దప్పికైతే అది నీటి దగ్గరకు పోలేదు. ఎండ వస్తే నీడకు జరగలేదు. కాళ్లకింద బురదైతే పొడినేల వెదుక్కోలేదు.

కొన్నేళ్ల క్రితం మే నెలలో ఒక రైతు నా దగ్గరకు వచ్చాడు. “అయ్యా, మా గేదె పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది, రెండుకు దిగింది. దాణా తగ్గించలేదు, జబ్బూ కనబడదు. మందేదైనా రాయండి” అన్నాడు. నేను తొందరలో ఉండి మందు రాసి పంపాను. వారానికి మళ్లీ వచ్చాడు, గుణం లేదన్నాడు. ఆ మిట్టమధ్యాహ్నమే వాళ్లింటికి వెళ్లాను. రేకుల పాక. మూరెడు పలుపు. గేదె నోరు తెరచి రొప్పుతున్నది. నీళ్లెప్పుడు పెడతారమ్మా అని అడిగితే, “పొద్దున ఒక బాన కుడితి, సాయంత్రం ఒక బాన అండీ” అన్నది ఇల్లాలు. ఆ గేదెకు కావలసింది మందు కాదు, నీళ్లు, చల్లదనం. పాక చూడకుండా మందు రాయడం నా పొరపాటే. రైతు డబ్బూ పోయింది, వారం రోజుల పాలూ పోయాయి. తొట్టి కట్టించి, రేకులమీద గడ్డి కప్పించి, పలుపు పొడుగు చేయించాక పాలు క్రమంగా తేరుకొన్నాయి.

కాబట్టి మొదటి మాట నీళ్లు. గేదెపాలలో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. పాడిగేదెకు రోజుకు 60 నుంచి 80 లీటర్ల నీరు కావాలి. వేసవిలో ఇంకా ఎక్కువ తాగుతుంది. ఎంత తాగాలో మనం బానతో కొలిచి నిర్ణయించరాదు. దాని మూతికందే చోట, నీడలో, రాత్రింబవళ్లు తొట్టినిండా మంచినీళ్లుండాలి. కుడితి పెట్టాం కదా అని నీళ్లు మానరాదు. తొట్టిని తరచు కడిగి సున్నం వేయండి.

రెండోది చల్లదనం. గేదె చర్మం నల్లనిది, ఎండ వేడిని పీల్చుకొంటుంది. ఆవుతో పోలిస్తే దీనికి చెమట గ్రంథులు తక్కువ. అందుకే అది చెరువును వెదుకుతుంది. చెరువు లేనిచోట పగలు పదింటికీ నాలుగింటికీ మధ్య రెండు మూడుసార్లు ఒంటిమీద నీళ్లు పోయాలి. పడమటి వైపు తడిపిన గోనెపట్టాలు కట్టండి. కాని గాలి ఆడకుండా మూసివేయరాదు.

మూడోది నిలిచే చోటు. ఒక్కొక్క గేదెకు పాకలో 4 చదరపు మీటర్లు, బయట దొడ్డిలో 8 చదరపు మీటర్ల జాగా ఉండాలి. హాయిగా పడుకొని లేవడానికి, తల తిప్పి ఒళ్లు నాకుకోవడానికి పలుపు సరిపోవాలి. వీలైతే రోజులో కొంతసేపు దొడ్డిలో విడిచిపెట్టండి. నేల నున్నగా ఉంటే కాలు జారుతుంది. గరుకుగా, గజానికి సుమారు అంగుళం వాలుతో ఉంటే మూత్రం నిలవదు. పాలు పితికాక అరగంటసేపు చనురంధ్రాలు తెరచుకొనే ఉంటాయి. అప్పుడు పేడలో పడుకొంటే పొదుగువాపు రావచ్చును. కనుక పితకగానే కాస్త పచ్చిమేత వేసి, నిలబడేటట్టు చూడండి.

నాలుగోది ఎద. మందలో ఉంటే దున్నపోతు కనిపెట్టేది. కట్టేసిన గేదెను మీరే కనిపెట్టాలి. సుమారు 21 రోజులకొకసారి ఎదకు వస్తుంది. వేసవిలో అది అరవకపోవచ్చు. రాత్రి పడుకోబోయే ముందు, తెల్లవారుజామున ఒకసారి చూడండి. తీగలాంటి తేట జిగట, మాటిమాటికీ మూత్రం, పాలు తగ్గడం గుర్తులు. ఒక ఎద తప్పితే మూడు వారాల మేత దండగ.

పశువుకు తగిన మేత, నీరు, నీడ ఇవ్వకపోవడం, మరీ పొట్టి తాడుతో ఎక్కువసేపు కట్టివుంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా. అయితే చట్టానికి భయపడి చేయవలసిన పని కాదిది. రేపు మధ్యాహ్నం ఒంటిగంటకు మీ పాకలో, గేదె పక్కన, ఓ పావుగంట నిలబడి చూడండి. అక్కడ మీరు నిలవలేకపోతే, పలుపు వేసిన ఆ నోరులేని జీవి రోజంతా ఎలా నిలుస్తున్నదో మీకే తెలుస్తుంది. ఏం చేయాలో కూడా తెలుస్తుంది.