రేనాటి రాళ్లు – యువజనుల చేతిపని



జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, కమలాపురము – ఈ సీమకే పూర్వము రేనాడని పేరు. ఎఱ్ఱగుంట్లకు చేరువనున్న కలమళ్ల గుడి ప్రాంగణమున రేనాటిచోడుడగు ధనంజయుని శాసనము కలదు. కాలము సుమారు 575. నేటికి లభించిన తెలుగు శాసనములలో ఇదియే మొదటిదని పెక్కురు పండితుల యభిప్రాయము. 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి లభించినపుడు ఇట్టి రాళ్లే మన ప్రాచీనతకు సాక్ష్యము.

అట్టి రాళ్లకు ఊళ్లలో జరుగు మర్యాద యేమి? కొన్నిటికి ఏటేటా సున్నము పూయుదురు. కొన్నిటికి పశువులను గట్టుదురు. అన్నిటికంటె కీడు గుప్తనిధుల పిచ్చి. శాసనము ధనమున్న తావునకు గుఱుతని తలచి రాత్రివేళ గడ్డపార వేయుదురు. దానియందున్నది ధనము గాదు, దానము: ఎవరికి ఎన్ని మఱుతురుల నేల పన్నసగా నిచ్చిరో, సాక్షులెవరో, ఆ ధర్మమును చెఱచినవాడు ఏ పాపమున బోవునో. పాపము మాట యటుంచిన, అది గ్రామలెక్కయే!

కావున యువకులకు నేర్పదగినది త్రవ్వకము కాదు. అనుమతిలేని త్రవ్వకము నేరము. పైగా ఏ పొరలో ఏది యుండెనో ఆ వరుస చెడిన మరల రాదు. పెన్న యొడ్డున దానవులపాడు జైనాలయమును ఇసుకనుండి వెలికిదీసినది గత శతాబ్ది తొలినాళ్ల ప్రభుత్వ పురాతత్త్వశాఖవారు. అది నేర్చినవారి పని. పిన్నలకు తగినది అచ్చుదీయుట. రాతిని నీటితో మెత్తని కుంచెపెట్టి కడుగవలెను, ఇనుము తగులరాదు. తడికాగితమును పఱచి బ్రష్షుతో మెల్లగా కొట్టగా అది అక్షరపు గుంటలలోనికి దిగును. కొంత ఆరిన పిదప గుడ్డమూటతో సిరా నద్దినచో రాయి నల్లగను, అక్షరము తెల్లగను తేలును. గాలి వీచినపుడు నాలుగు చేతులు చాలవు. స్వచ్ఛందసేవ యనగా ఇదియే: బిందె మోయుట, కాగితపు కొస పట్టుట, పూజారి నడిగి తాళము దెచ్చుట, రాయి యున్న చోటును కొలిచి వ్రాయుట. నేటి వర్ణమాలలో లేని ‘ఴ’ వ్రేలికి తగిలిన బాలుడు ఆ రాతికి మరల సున్నము పూయనిచ్చునా?

చిన్నవారివలన నేమగునని సందేహింపవలదు. మెకంజీ దొరకు శాసనములను చదివిపెట్టిన కావలి వెంకట బొఱ్ఱయ్య 1803లో గతించునాటికి ముప్పదియేండ్లు నిండలేదు. కరణముల కవిలెలనుండి నాడు వ్రాయించిన కైఫీయతులే నేడు మన గ్రామములకు చరిత్ర.

తీసిన ప్రతి యచ్చునకు రెండు ప్రతులుండవలెను. ఒకటి మైసూరులోని భారత పురావస్తుశాఖవారి శాసనవిభాగమునకు పోవలెను. రెండవదానికి ఈ గ్రంథాలయమున ఒక బీరువా, దానికొక రిజిష్టరు, తాళపుచెవి యెవరియొద్ద నుండునో తెలుపు తీర్మానము – ఇవి ఈ రజతోత్సవ సంవత్సరముననే జరుగవలెను.