తెప్పకుళము గట్టుపై ఒక ఉదయము

(పాఠశాల వార్షికోత్సవ సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఏటేట ఈ సభలో ఉత్తీర్ణుల సంఖ్యను చదివి వినిపించుట మాకు వాడుక. ఆ పట్టికను ఈ సంచికలో వేరుగా అచ్చు వేయించితిమి. నేడు పిల్లలను వండియూరు తెప్పకుళమునకు తీసికొనిపోయిన సంగతి మాత్రము విన్నవింతుము.

ఈ కొలనును 1645లో తిరుమల నాయకుడు త్రవ్వించెను. మహలు కట్టుటకు ఇటుకమట్టి తీసిన గుంటయే కొలనైనదనియు, ఆ త్రవ్వకములో దొరికిన వినాయకుడే నేడు మీనాక్షీ ఆలయములో ముక్కురుణి పిళ్ళైయారుగా పూజలందుకొనుచున్నాడనియు ప్రతీతి. నాయక రాజుల ఇంటిభాష తెలుగు. వారి కాలమున వచ్చి ఈ సీమలో నిలిచిపోయిన రైతుల, నేతగాండ్ర, సైనికుల సంతతివారు మనలో పెక్కుమంది. సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు జైమినిభారతమును తెలుగు వచనములో వ్రాసినది మధుర ఆస్థానముననే. ఈ మాట చెప్పగా తొమ్మిదవ తరగతి బాలుడొకడు "మన మధురలోనా అయ్యా?" అని నోరు తెరచెను. తప్పు వానిది కాదు, ఇన్నాళ్ళు చెప్పని మాది.

ఈ కొలను ఎండియుండగా మీరందరు చూచినవారే. అడుగున బాలురు క్రికెట్ ఆడుచుండిరి. లోతు చాలక ఎండలేదు, మెట్లు కూలియు ఎండలేదు. వైగై నీటిని తెచ్చు దారి మూసికొనిపోయినది. పనైయూరు కాలువను బాగుచేసి నీటిని మళ్ళించిన పిదప, ఇటీవలి సంవత్సరములలో కొలను మరల నిండినది. నడిమి మండపము నీడ నీటిపై కదలుచుండగా మా చిన్నపిల్లలు దానిని లెక్కపెట్టవలెనని పంతమాడిరి. నీడలో స్తంభములు ఒకచోట నిలువవు గదా!

మాతో ఒక బాలిక అవ్వ కూడ వచ్చినది. గట్టుమీద కూర్చుండి ఆమె "తూము ఎక్కడున్నది?" అని అడిగినది. నలుబది మంది పిల్లలలో ఒక్కరికిని ఆ మాట తెలియలేదు. "నీళ్ళు వచ్చే కన్నము" అని ఆమె చెప్పగానే ఒకడు "ఓ, తూంబా!" అని తమిళములో అరచెను. అంతట మా పాఠము మారిపోయినది. తమిళులు తూంబు అన్నదే మన తూము; వారి కుళము మన కొలను; వారి ఆఱు మన ఏరు; తెప్పము తెప్పయే. ఒక గంటలో పిల్లలు మా ప్రమేయము లేకయే పదునేడు జంటలు పోగుచేసిరి. కొన్ని తప్పులు, అయినను ఆ ఉత్సాహమును మేము ఆపలేదు.

తల్లిదండ్రులారా, 2006 నాటి చట్టముతో ఈ రాష్ట్రమున తమిళము నిర్బంధ పాఠ్యాంశమైనది. మనము ఉన్న నేల భాష. పిల్లలు దానిని చక్కగా నేర్వవలెను. ఆంగ్లమును ఎవరును విడువరు. ఎవరి నిర్బంధమును లేనిది తెలుగు ఒక్కటే. మీరు కోరిననే అది తరగతిలో ఉండును. ఒకటవ తరగతి తెలుగు విభాగములో చేరువారు ఏటికేడు తగ్గుచున్నారు. "ఇంటిలో మాటలాడము, మీరే నేర్పుడు" అని పంపువారు పెరుగుచున్నారు. కాలువ మూసి, కొలనును నింపుమనిన మేమేమి చేయగలము? ఈ మాట కటువుగా తోచిన క్షమింపుడు; చేర్పుల పుస్తకము ముందుంచుకొని కూర్చున్నపుడు మాకు కలుగు దిగులు అట్టిది.

కార్యాలయములో ఒక పెద్ద నోటుపుస్తకము ఉంచితిమి. మీ ఇండ్లలో అవ్వలు, తాతలు వాడు మాటలు, అనగా వంటింటివి, మగ్గమువి, బావివి, పొలమువి, వారానికి నాలుగైనను పిల్లలచేత వ్రాయించి పంపుడు. అక్షరదోషములు మేము దిద్దుకొందుము.

వచ్చే మాసము పెద్ద తరగతుల పిల్లలను కోయంబత్తూరు తీసికొనిపోయి, గట్టు బాగుచేసిన ఉక్కడము పెరియకుళమును, నొయ్యలు నీరు అందులోనికి వచ్చు తీరును చూపింపదలచినాము. అక్కడి పాత తెలుగు కుటుంబములతో మీకు బంధుత్వములు ఉన్నవి. వెంట రాగల పెద్దలు ఇద్దరు ముగ్గురు కావలెను. బస్సులో ముందు సీట్లు వారికే. ఈ శుక్రవారములోగా పేరు తెలుపగోరెదము.